పొయ్యి పక్కన తాడాసనం

యోగా అంటే చాపలు, పార్కులు అనుకునేవాళ్లు మా పక్కింటి తిరుమల వంటింట్లోకి ఒకసారి తొంగి చూడాలి. పొయ్యికీ బియ్యం డబ్బాకీ మధ్య మనిషి నిలబడేంత జాగా. అక్కడే తాడాసనం, అక్కడే వృక్షాసనం. పడుకుని చేసే ఆసనాల జోలికి పోయేది కాదు. "పండుకుంటె మళ్ల లేస్తనా వదినా? నిద్రవట్టి బస్సు పోతది" అని నవ్వేది.

ఆ బస్సు ఆమె పనిచేసే చౌటుప్పల్‌లోని మందుల కంపెనీది. తెల్లవారుతూనే మా మర్రిగూడ దిక్కు ఊళ్లన్నీ తిరిగి ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది, చీకటి పడ్డాక దింపుతుంది. మొగుడు విజేందర్ లారీ డ్రైవరు, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటాడో వాడికే తెలియదు. ఇంట్లో ఉండేది ఏడేళ్ల కూతురు నిహారిక, అత్త సుక్కమ్మ.

సుక్కమ్మను చూస్తే తిరుమల పట్టుదల అర్థమవుతుంది. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఏళ్ల తరబడి అవే తాగి ఆమె నడుము బిగుసుకుపోయింది, రెండుగా వంగిపోయింది. తల ఎత్తలేదు. మనుషులను పాదాలు చూసి గుర్తుపడుతుంది. తిరుమలకూ పొద్దున లేస్తే నడుం పట్టేసేది. "అత్తలెక్క నేను గూడ వంగిపోతే నా బిడ్డనెవ్వలు సూస్తరు వదినా?" అదీ ఆమె భయం. అందుకే ఫోన్‌లో చూసి, కుక్కర్ కూతల మధ్య నిలబడడం నేర్చుకుంది.

ఇంటికి శుద్ధి చేసిన నీళ్ల నల్లా వచ్చాక, ఇక ఆ నీళ్లే తాగాలని తిరుమల పోరింది. సుక్కమ్మ వింటేనా! "మందువాసనొస్తది. దూప తీరదు. నీళ్లకు నడుం వంగుతదానే? నాది మోతలు మోసి వంగింది" అనేది. తన కుండలో బోరు నీళ్లే. సరే, ముసలి ప్రాణం, ఆమె ఇష్టమని వదిలేశారు.

మొన్న ఎండాకాలం మొదట్లో, బడులింకా నడుస్తుండగా, ఒక ఆదివారం చాయపత్తి కోసం వాళ్లింటికి వెళ్లాను. నిహారిక తల్లి పక్కన నిలబడి తనూ ఆసనం వేస్తానంది. తిరుమలకు ఎంత సంబరమో!

"మడమలు కలుపు బిడ్డా."

"కలుస్తలెవ్వమ్మా."

"జర దగ్గరికి జరుపు."

పిల్ల మోకాళ్లు రెండూ ఒరుసుకున్నాయి. మడమలు మాత్రం దూరంగానే ఉన్నాయి. తిరుమల నవ్వుతూనే కింద కూర్చుని, ఆ పాదాలను దగ్గరికి లాగింది. పిల్ల కెవ్వుమంది. తిరుమల నవ్వు పోయింది. బిడ్డ నిద్ర లేవకముందే వెళ్లి, నిద్రపోయాక వచ్చే తల్లి. ఆ కాళ్లను సరిగ్గా చూసి ఎన్నాళ్లయిందో, పాపం.

"నిహా, బడికి ఏ నీళ్లు తీస్కపోతున్నవ్?" తిరుమల అడిగింది.

"అవ్వ కుండలయి. సల్లగుంటయి."

నాకు ఒళ్లు మండిపోయింది. గడపలో కూర్చున్న సుక్కమ్మ మీద అరిచాను. "బుద్ధున్నదా అవ్వా నీకు? పసిపిల్లకు గా నీళ్లు తాపుతవా?"

ఆమె నేల చూస్తూనే అంది. "నాకు కండ్లవడేటియి కాళ్లే గదనే. వంకరవోతున్నయని పోయినేడే సూసిన. పెరిగితే సక్కగైతయనుకున్న. నీళ్లే జేసినయంటే, నేనే జేసినట్టాయె గద."

ఏం తిట్టను? వెళ్లి ఆమె పక్కన గడపలోనే కూర్చున్నాను.

పిల్ల ఎముకలు వంగుతున్నాయని నల్లగొండలో డాక్టరు చెప్పాడు. నీళ్లు మార్చి మందులు వాడమన్నాడు. ఎంతవరకు చక్కబడతాయో ఇప్పుడే చెప్పలేనన్నాడు. తిరుమల ఇంటికొచ్చి కుండ వంచి నీళ్లు వాకిట్లో పారబోసింది. ఆ రోజు నుంచి సుక్కమ్మ ఏ నీళ్లిస్తే ఆ నీళ్లు తాగుతోంది, వాసన అనడం లేదు.

ఆసనాలు మాత్రం ఆగలేదు. పిల్ల పక్కనే నిలబడతానంటుంది. మడమలు కలపమని తిరుమల ఇప్పుడు చెప్పదు. తన మడమలనే పిల్లలాగా ఎడంగా పెట్టి, చేతులు పైకెత్తుతుంది. గడపలోని సుక్కమ్మకు ఆ చేతులు కనిపించవు. నాలుగు పాదాలే కనిపిస్తాయి.