లుక్కాలో మసక మధ్యాహ్నం

ఏప్రిల్ స్కూలు సెలవుల్లో ముగ్గురం ఇటలీ వెళ్ళాం. సిడ్నీలో చలి మొదలవుతుంటే అక్కడ వసంతం. ఆ రోజు మా ఆవిడ జలుబు చేసి ఫ్లోరెన్స్ హోటల్లోనే ఉండిపోయింది. నేనూ, పదిహేడేళ్ల మా అమ్మాయీ రైలెక్కి లుక్కా అనే చిన్న పాత నగరం చూడ్డానికి వెళ్ళాం. ఊరి చుట్టూ వెడల్పాటి కోటగోడ, దాని మీద చెట్లు, నడకదారి. మేం దిగేసరికి సన్నగా వాన పడుతోంది.

అమ్మాయి నాకంటే పదడుగులు ముందు నడుస్తోంది. సిడ్నీలో మేముండే టూంగాబీలోనూ అంతే. ఆ ఏడాది మా మధ్య మాటలు బాగా తగ్గిపోయాయి. అన్నానికి పిలిస్తే "కమింగ్", బయల్దేరుతూ "బై నాన్నా".

కోటద్వారం దాటగానే తడి రాళ్ల మీద కాలు జారి పడ్డాను. దెబ్బ తగల్లేదు గానీ కళ్ళజోడు ఎగిరిపడి, ఫ్రేము ఊడి, అద్దాలు బయటికొచ్చేశాయి. అది లేకపోతే నాకు మనుషులు ఉత్త రంగు మరకలు. అమ్మాయి పరిగెత్తుకొచ్చి ముక్కలన్నీ ఏరి కర్చీఫులో చుట్టింది. కళ్ళజోళ్ల షాపు కూడా తనే వెతికింది.

"క్లోజ్‌డ్, నాన్నా. లంచ్ బ్రేక్ అంట. ఫోర్‌కి ఓపెన్ చేస్తారు."

అప్పటికి ఒంటిగంట దాటింది. తను నా చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్లయిందో అలా పట్టుకుని.

"రా. నేను చెప్తా, నువ్వు నడువు."

పసుపు గోడలు వానలో కరిగి పక్క గోడల్లో కలిసిపోతున్నాయి. గొడుగులు నేలకి తగలకుండా తేలిపోతున్నాయి. ఎక్కడో గంటలు మోగాయి, కాల్చిన రొట్టె వాసన వచ్చింది. అమ్మాయి సగం ఇంగ్లిష్, సగం తెలుగులో చెబుతూనే ఉంది. కిటికీలో పిల్లి ఉందట, మమ్మల్ని చూసి దానికి బోర్ కొడుతోందట.

"నాన్నా, ఆ టవర్ మీద చెట్లున్నాయి!"

"వేళాకోళమా?"

"ఐ స్వేర్!"

రెండొందలకు పైగా మెట్లెక్కాం. పైన నిజంగానే చెట్లు. ఆకుల మీంచి చినుకులు నా నెత్తిన రాలాయి. తడి కాండాన్ని తడిమి చూసి నమ్మాను. అప్పుడు చెప్పింది.

"నాన్నా, యూనివర్సిటీకి నేను అడిలైడ్ వెళ్తా. మాసన్ లేక్స్ క్యాంపస్."

ఇంట్లో ఉండే చదువుకుంటుందని మేం ఎప్పుడో నిర్ణయించేసుకున్నాం. తనని అడగలేదు.

"అమ్మకి తెలుసా?"

"నో. నీకే ఫస్ట్."

తన మొహం నాకు కనిపించడం లేదు. కనిపిస్తే మాట పెంచేవాణ్ణేమో. నా చెయ్యి మాత్రం తను వదల్లేదు.

"కింద ఏం కనిపిస్తోందో చెప్పు ముందు," అన్నాను.

ఎర్రటి పెంకుల కప్పులు, మబ్బులో సగం మునిగిన కొండలు, కోటగోడ మీద సైకిళ్లు. వాటి మధ్యలోనే తను చదవాలనుకుంటున్న కోర్సు గురించీ చెప్పింది. ఏడాదిగా మనసులో పెట్టుకుని తిరుగుతోందట. చాలాసేపు విన్నాను.

"సరే. అమ్మతో నేను మాట్లాడతాలే."

తను తడి తల నా భుజానికి ఒక్క క్షణం ఆనించింది.

నాలుగింటికి షాపు ముసలాయన చిన్న మర బిగించి, అద్దాలు తుడిచి, కళ్ళజోడు స్వయంగా నా ముక్కు మీద పెట్టాడు. ముందు కనిపించింది అమ్మాయి మొహమే. నేననుకున్న దానికంటే పెద్దపిల్లైపోయింది. ఎందుకో సిగ్గనిపించి చూపు తిప్పుకున్నాను.

సంగతి చెప్పాక మా ఆవిడ రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడాది అమ్మాయి అడిలైడ్ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాత్రం రైలుకి ఇంకా గంటుంది. కోటగోడ ఎక్కి, లేత చిగుళ్ల కింద ఊరంతా చుట్టాం. తను అప్పుడే అద్దె గదిలోకి వెళ్ళిపోయినట్టు మాట్లాడుతోంది. పప్పుచారు ఎలా పెట్టాలని అడిగింది. నాకు తెలిసినంత వరకు చెప్పాను.