తాతయ్య ఆఖరి ట్యాంకు, అమ్మమ్మ చిటికెడు బూడిద

మా అమ్మమ్మే లేకపోతే ఈ లోకంలోని లారీలన్నీ రోడ్డు మధ్యలో దగ్గుతూ కూలబడి ఉండేవి. కెమిస్ట్రీ తప్పి చదువు మానేసినదాన్ని చెబుతున్నాను, నమ్మితీరాలి.

ఇంజన్ ఆయిల్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఆవిడది పరీక్ష గది. తాతయ్యది అక్కడే ట్యాంకు దగ్గర మందులు కలిపే పని. మందులంటే యాడిటివ్‌లు; వాటిలో ముఖ్యమైనది ఇంజన్‌లో మసి పేరుకోకుండా కడిగేది. అందులో కాల్షియం ఉంటుంది. నూనె కాలిపోయినా అది బూడిదై మిగిలి, పొగగొట్టంలోని ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది. ఆ మందు తగ్గితే మసి, పెరిగితే బూడిద. బూడిద ఇంతకు మించకూడదని ఒక గీత గీశారు. ఆ గీతకు కాపలా అమ్మమ్మ.

తాతయ్య చెయ్యి కాస్త పెద్దది. మొక్కలకు నీళ్లు పోస్తే పక్కింటి వాకిలి తడుస్తుంది. అందుకే ఆయన సరుకును అమ్మమ్మ తరచూ వెనక్కి పంపేది. ఆఖరి ట్యాంకైనా ఒక్కసారికే గట్టెక్కాలని ఆయన కోరిక.

ఆయన రిటైరయ్యే రోజు ఇంటికి తీసుకురావడానికి నేను వెళ్లాను. కొత్త చొక్కా తొడుక్కుని పరీక్ష గది కిటికీకి అతుక్కుపోయి ఉన్నాడు. లోపల అమ్మమ్మ నూనె కాల్చిన పింగాణీ గిన్నెను కొలిమిలోంచి తీసి, చల్లారడానికి గాజు జాడీలో పెట్టింది.

"ఏమే, చల్లారేదాకా ఎందుకు? ఇప్పుడే తూచెయ్యరాదూ!"

"వేడి గిన్నె తేలిగ్గా తూగుతుందని మీకెవరు చెప్పారు?"

"నువ్వే. పెళ్లయిన కొత్తలో."

"అప్పుడు ఇంకేం మాట్లాడాలో తెలియక చెప్పాను."

నేను కల్పించుకున్నాను. "పోనీలే అమ్మమ్మా, ఆఖరి రోజు కదా!"

"నోర్మూసుకోవే. ఈయన రిటైర్మెంటని లారీకి తెలుసా?"

గిన్నె చల్లారింది. తూచింది. పెదవి విరిచింది.

"ఎక్కువొచ్చింది."

"ఎంత?"

"మీ చెయ్యంత."

తాతయ్య ముఖం వాడిపోయింది. "ఇంజన్ శుభ్రంగా ఉంటుందని రవ్వంత ఎక్కువ పోశానే..."

"ఆ రవ్వంతే గిన్నెలో కూర్చుంది. పోసింది వెనక్కి తీయలేం. బేస్ ఆయిల్ పోసి పలచన చెయ్యాలి. అప్పుడు మిగతా మందులు చాలవు, వాటినీ కాస్త కలపాలి. పదండి."

ఎప్పుడూ చీటీ రాసి పంపే మనిషి, ఆ రోజు తనే ట్యాంకు దాకా నడిచింది. ఆయన కొత్త చొక్కా చేతులు మడిచి నిచ్చెనెక్కాడు. ఈవిడ కింద నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"పోయండి... ఇంకాస్త... చాలు. చాలన్నానా!"

మళ్లీ కాల్చింది, మళ్లీ చల్లార్చింది, మళ్లీ తూచింది. బూడిద గీత లోపలే ఉంది. ఆ నూనె నింపుకుని లారీ బయల్దేరింది.

వీడ్కోలు సభలో టీలు చల్లారిపోయాయి. తాతయ్య చొక్కా మీద నూనె మరకతోనే మైకందుకుని, "నా ఆఖరి ట్యాంకు కూడా పాసైంది" అన్నాడు. ముందు వరుసలోంచి అమ్మమ్మ రెండు వేళ్లు చూపించింది. ఆయనే అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా వింది.

"మొదట్లో ఆ లారీల ముక్క మీ తాత చేత్తో పోసినట్టుందే. పలచన చేసి తీసుకురా."