వాగులో ముందు తానే దిగేవాడు

శ్రావణ శుక్రవారం. మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, కామారెడ్డి ఆసుపత్రిలో కన్నుమూసి ఇవాళ్టికి పదమూడు రోజులు. దినాలు అయిపోయాయి, వచ్చిన చుట్టాలు వెళ్లిపోయారు. ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. ఎల్లుండి ఆదివారం అతని జీపును కొనడానికి ఒక హోటల్ యజమాని వస్తున్నాడు. ఇంజన్ తీసేసి, రంగు వేసి, హోటల్ ముందు పూలకుండీల మధ్య నిలబెడతాడట. బండి కాగితాలు మొదటి నుంచీ మా ఆయన పేరు మీద ఉన్నాయి. ఆయన లేరు కనుక సంతకం నేను పెట్టాలి. పెట్టేముందు ఆ మనిషి గురించి, ఆ బండి గురించి ఉన్నది ఉన్నట్టు రాయడం నా బాధ్యత.

నాగిరెడ్డిపేట దాటిన తర్వాత వాగు అవతలి ఊరు మాది. ఆ జీపు ఎక్కినవాళ్లు మీలో చాలామంది ఉంటారు.

మరిది మిలిటరీలో డ్రైవరుగా చేసి ఊరికి వచ్చాడు. వచ్చిన ఏడాదే మిలిటరీ వేలంలో ఒక పాత జీపు కొని, సికింద్రాబాద్ నుంచి తానే నడుపుకుంటూ తెచ్చాడు. ఆకుపచ్చ రంగు సగం పోయింది. తలుపులు లేవు. ముందు అద్దం మడిచి బానెట్ మీద పడుకోబెట్టవచ్చు. బానెట్ పక్కన మిలిటరీ వాళ్లు రాసిన తెల్ల నంబర్లు మసకగా ఉన్నాయి.

"తలుపులు లేని బండి ఏం బండి మరిదీ?" అన్నాను.

"తలుపులుంటే తియ్యాలె వదినా. లేకుంటే దుంకుడే."

"స్టార్ట్ కావడానికే పావుగంట పట్టింది."

"నీ తీరే. మొదలు జర సతాయిస్తది. ఒక్కసారి నడిసిందంటే ఆగది."

నేను ఎల్లారెడ్డిలో లెక్కల టీచర్ని, తర్వాత హెడ్మిస్ట్రెస్‌ని. నాతో అలా మాట్లాడేవాడు అతనొక్కడే.

వానాకాలంలో వాగు వస్తే మా ఊరికి బస్సు బంద్. అప్పుడు జీపే దిక్కు. నొప్పులు పడుతున్న ఆడవాళ్లను, పాము కరిచినవాళ్లను, ఒకసారి పెళ్లికొడుకును, అతని చెప్పులు తడవకుండా, ఆ జీపే దాటించింది. వరద వాగును వంద సార్లు దాటాడని ఊళ్లో చెప్పుకుంటారు. అది తప్పు. నాకు తెలిసి దాటినవి ఇరవై మూడు. ఒడ్డు దాకా పోయి వెనక్కి తిరిగినవి పంతొమ్మిది. నాకు గర్వంగా ఉండేది ఈ పంతొమ్మిది గురించే.

ఎందుకంటే అతనికొక పద్ధతి ఉంది. ఒడ్డున బండి ఆపి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, డ్రైవర్ సీటు వెనక ఉండే వెదురు కర్ర తీసుకుని, ముందు తాను వాగులో దిగేవాడు. అవతలి ఒడ్డు దాకా నడిచి, అదే దారిన తిరిగి వచ్చేవాడు. కర్ర మీద, మోకాలికి బెత్తెడు పైకి వచ్చేచోట, ఒక గాటు ఉండేది. నీళ్లు ఆ గాటు దాటితే ఆ రోజుకు ప్రయాణం లేదు. దాటకపోతే ఫ్యాన్ బెల్టు విప్పేవాడు. ఫ్యాను నీళ్లను ఇంజన్ మీద చిమ్మకూడదు కదా. తర్వాత చిన్న గేరులో, ఆగకుండా, మధ్యలో క్లచ్ తొక్కకుండా పోయేవాడు. "నేను నడవని నీళ్లల్ల నా బండి దిగదు" అనేవాడు. ముందు చక్రాలు కూడా లాగేలా చేసే గేరు మాత్రం మామూలుగా వేసేవాడు కాదు. "అది బయట పడనీకి, లోపలికి ఉరకనీకి కాదు" అనేవాడు.

ఒక పరీక్షల రోజు పొద్దున నేను ఎల్లారెడ్డిలో ఉండాలి. రాత్రి పడ్డ అకాల వానకు వాగు వచ్చింది. నీళ్లు పైకి పలుచగానే కనబడుతున్నాయి. అతను కర్ర తీశాడు.

"మరిదీ, నీ నడక తర్వాత చూసుకో. పిల్లలు పరీక్ష రాయాలి, నేను తాళం తీయాలి. పోనీ బండి!"

"వదినా, నువ్వు బడిల హెడ్మాస్టరువు. ఇక్కడ కాదు."

ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. అతను నడుం దాకా మునిగి తిరిగి వచ్చాడు. అవతలి ఒడ్డు దగ్గర, రోడ్డు కింది కల్వర్టులో మట్టి కొట్టుకుపోయింది. పైన తారు మాత్రం మిగిలింది. జీపు వెనక్కి తిప్పి, అప్పట్లో జీపు పట్టే చెరువు కట్ట మీదుగా చుట్టూ తీసుకుపోయి, గంట కొట్టడానికి నాలుగు నిమిషాల ముందు నన్ను బడి గేటు దగ్గర దింపాడు. దారంతా ఆ మాట ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం, "తాళం తియ్యిపో మేడం" అన్నాడు.

అతనికి ఒక్కతే బిడ్డ. ఇప్పుడు ఎల్లారెడ్డిలో నర్సు. ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో ఉండగా, ఎండిన చెరువులో దానికి జీపు నేర్పుతుంటే చూశాను. పోయి ఇద్దర్నీ నిలబెట్టాను.

"దానికి లెక్కలు సరిగ్గా రావు. గేర్లెందుకు?"

"సరే వదినా" అన్నాడు మరిది, తలొంచుకుని.

నా మాట చెల్లిందనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

అతను పోయిన రోజు పొద్దున బిడ్డ మా ఊళ్లోనే ఉంది. తండ్రికి బట్టలు తీసుకుపోవడానికి ముందురోజు సాయంత్రం వచ్చింది. ఆసుపత్రిలో మా పెద్దోడు ఉన్నాడు. వాడే ఫోన్ చేసి వార్త చెప్పాడు. మళ్లీ గంటన్నరకు వాగు అవతలి నుంచి చేశాడు.

"అమ్మా, కొత్తగ కడుతున్న బ్రిడ్జి కాడి పక్కతొవ్వ కొట్టుకపోయింది. అంబులెన్స్ దిగదంటుండు డ్రైవరు. బాపును ఎట్ల తేవాలె?"

చిన్నాన్నను మా పిల్లలు బాపు అనే పిలుస్తారు.

మా చిన్నోడు జీపెక్కి తాళం తిప్పాడు. తిప్పి తిప్పి బ్యాటరీ దింపేశాడు. నలుగురు తోశారు. కదిలింది కానీ ఇంజన్ అందుకోలేదు. అప్పటిదాకా అరుగు మీద కదలకుండా కూర్చున్న బిడ్డ లేచి వచ్చింది. "జరుగన్నా" అంది. సీటు కిందికి చెయ్యి పోనిచ్చి ఏదో తిప్పింది. బండి నిలిపినప్పుడల్లా మరిది పెట్రోల్ బంద్ చేసే నాబ్ అక్కడ ఉంటుందని మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఇనుప హ్యాండిల్ తెచ్చి ముందు భాగంలో గుచ్చింది. నేను దాని చెయ్యి చూశాను. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే పెట్టింది, అవతలికి చుట్టలేదు. ఇంజన్ వెనక్కి తంతే వేలు విరగకుండా అలా పట్టాలి. మరిది అలాగే పట్టేవాడు. మూడో తిప్పుకు ఇంజన్ అందుకుంది.

"ఎప్పుడు నేర్చినవే?" అన్నాను.

"నువ్వు వద్దన్న తెల్లారి నుంచి, పెద్దమ్మా. నువ్వు పొద్దుగాల బస్సెక్కి పోంగనే."

రోజూ హాజరు పట్టీ రాసిన మనిషిని. నా ఇంట్లో ఒక పిల్ల రోజూ బడికి పోయినట్టు చక్రం పట్టుకుంటే నాకు తెలియలేదు.

వాగు దగ్గరికి ఊరంతా వచ్చింది. అవతలి ఒడ్డున తెల్ల అంబులెన్స్, అందులో దాని తండ్రి. మోకాలి పైకి ఎర్ర నీళ్లు. బిడ్డ బండి ఆపి, సల్వారు మడిచి, సీటు వెనక నుంచి కర్ర తీసింది.

"ఏంది బిడ్డా, ఇప్పుడు నడుసుడెందుకు? ట్రాక్టర్ తెప్పిస్తం" అని ఒకరు. "అక్కడ మీ బాపు ఎదురుచూస్తుండు, పోనీ" అని ఇంకొకరు. మా చిన్నోడు చెయ్యి పట్టుకోబోయాడు.

"నడవనీ" అన్నాను. ఆ ఒడ్డున ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

అది ఏడుస్తూనే నడిచింది. అడుగు వేసే ముందు కర్ర, కర్ర తర్వాత అడుగు. అవతల తండ్రి ఉన్న అంబులెన్స్ తలుపు మీద ఒక్కసారి చెయ్యి పెట్టి, వెంటనే తిరిగి వచ్చింది. నీళ్లు గాటుకు రెండు వేళ్లు కిందనే ఉన్నాయి. బెల్టు విప్పింది. జీపు దింపింది. వెనక సీట్లు మడిచి, తండ్రిని పడుకోబెట్టుకుని, మధ్యలో క్లచ్ తొక్కకుండా తెచ్చింది. అది ఇరవై నాలుగో దాటుడు.

ఇవాళ పొద్దున పెద్దోడు, "అమ్మా, ఉంచితే తుప్పు పట్టి పోతది గద" అన్నాడు. "నడిపేవాళ్లు లేకుంటే తుప్పు పడుతుంది. ఉన్నారు" అన్నాను. అందుకని ఇక జరగవలసినవి:

1. ఆదివారం హోటల్ ఆయనకు చాయ్ ఇచ్చి పంపాలి. లేదన్న మాట అతన్ని పిలిచిన పెద్దోడే చెప్పాలి.

2. సోమవారం కాగితాలు మరిది బిడ్డ పేరు మీదికి మార్చే పని మొదలుపెట్టాలి. నా సంతకం దానికే.

3. రేడియేటర్ గొట్టం చీలింది, మార్చాలి. బానెట్ పక్కనున్న తెల్ల నంబర్ల మీద రంగు పడకూడదు.

4. మా మనవరాళ్లిద్దరికీ హ్యాండిల్ పట్టడం నేర్పాలి. ఎండిన చెరువులో, పట్టపగలు, నేను గట్టున కుర్చీ వేసుకుని కూర్చోగా.

5. కర్ర డ్రైవర్ సీటు వెనకే ఉండాలి. గాటుకు రెండు వేళ్ల కింద ఆ రోజటి ఎర్ర బురద గీత ఎండి ఉంది. దాన్ని ఎవరూ తుడవవద్దు. మళ్లీ వాగు వచ్చిన రోజు, ముందు దిగే పిల్ల చేతిలో, నీళ్లే దాన్ని కడుగుతాయి.