రెజైనా నుంచి విన్నిపెగ్‌కి: దారిలో పోయిన గంట

కెనడాలో రెజైనా నుంచి విన్నిపెగ్‌కి హైవే ఒకటి మీద అయిదువందల డెబ్భై కిలోమీటర్లు, ఆరు గంటలు. చూడ్డానికి ఏముందని అడిగితే ఏమీ లేదు. ఈ దారి గురించి రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. మార్చి రెండో వారంలో భాస్కరం అంకుల్ పోయారని తెలిసి బయల్దేరాం, అందుకే రాస్తున్నాను. పదేళ్ల కిందట జనవరిలో రెండు సూట్‌కేసులతో విన్నిపెగ్‌లో దిగినప్పుడు నన్ను ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి తీసుకెళ్లిన మనిషి ఆయన. రిటైరైన సివిల్ ఇంజనీరు. వారం అని చెప్పి బేస్‌మెంట్‌లో చేరినవాణ్ణి రెండేళ్లున్నాను. మంచులో కారు నడపడం ఆయనే నేర్పారు. ఉద్యోగం రెజైనాలో వచ్చి వెళ్లిపోతుంటే, "అక్కడ గడియారాలు మార్చరట్రా, అదృష్టవంతుడివి" అన్నారు.

ఆయనకి ఈ గడియారాలు మార్చడం మీద పుట్టెడు కోపం. రెజైనా ఉన్న సస్కాచెవాన్ రాష్ట్రంలో ఏడాది పొడుగునా ఒకటే టైమ్. విన్నిపెగ్ ఉన్న మానిటోబాలో మార్చిలో గంట ముందుకి, నవంబర్‌లో గంట వెనక్కి. అంటే చలికాలమంతా రెండు చోట్లా ఒకటే టైమ్, మార్చి నుంచి మాత్రం విన్నిపెగ్ మాకన్నా గంట ముందుంటుంది. "ముల్లు తిప్పితే పొద్దు పెరుగుతుందా? మంత్రాలకి చింతకాయలు రాలతాయా?" అనేవారు. తిట్టుకుంటూనే ఏడాదికి రెండుసార్లు వంటింట్లో గోడ గడియారాన్ని ఆయనే మార్చేవారు. "స్టూల్ పట్టుకోరా" అని నన్ను పిలిచేవారు. నేను రెజైనా వెళ్లాక ఫోన్‌లో ఎప్పుడు ఏ టైమ్ చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "మీ టైమా, మా టైమా?"

గురువారం పోయారు. ఆదివారం నా భార్య స్వాతికి హాస్పిటల్‌లో పన్నెండు గంటల నర్సు డ్యూటీ, మార్చుకోవడానికి మనిషి దొరకలేదు. సోమవారం మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా చివరిచూపు, నాలుగింటికి దహనం అని విన్నిపెగ్ తెలుగువాళ్ల గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఇక్కడ అంతా బుకింగ్ ప్రకారం జరుగుతుంది, మన తర్వాత ఇంకొకరి వంతు ఉంటుంది. నాకు కావలసిందల్లా ఒక్కసారి ఆయన మొహం చూడటం. అంతకుమించి ఏ కోరికా లేదు. ఉదయం ఏడున్నరకి బయల్దేరితే ఎంత మెల్లగా వెళ్లినా గంట మిగులుతుందనుకున్నాను. ఆ ఆదివారం తెల్లవారుజామునే మానిటోబాలో గడియారాలు మారాయని నాకు తట్టలేదు. మా ఊళ్లో ఆ మాట ఎత్తేవాడే ఉండడు.

స్వాతి ఏడింటికే కారెక్కి కూర్చుంది. బయట ఇంకా పొద్దు పొడవలేదు. మైనస్ పద్దెనిమిది. బ్యాటరీ మొరాయించి, కేబుల్ తగిలించి, కారు కదిలే స్థితికి వచ్చేసరికి ఏడూ ముప్పై అయిదు. అప్పుడు ఆపింది నేనే. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. కిందటేడు ఇలాగే రాహుకాలంలో బయల్దేరి వైట్‌వుడ్ దగ్గర కారు జారి డిచ్‌లో పడ్డాం, ఆ భయం నాలో ఉండిపోయింది.

"సోమవారం తూర్పు శూల కూడా ఉంది కదా. విన్నిపెగ్ తూర్పే. దానికేం చేస్తావ్?" అంది స్వాతి.

"చావుకి వెళ్లేటప్పుడు శూల చూడక్కర్లేదు."

"రాహుకాలం మాత్రం చూడాలా? నువ్వు ఇంజనీరువే కదా?"

ఇంట్లోకి వెళ్లి టీ పెట్టాను. సిగ్గులేకుండా రెండో కప్పు కూడా తాగాను. తొమ్మిదీ అయిదుకి ఇల్లు దాటాం. మూడుంపావుకి చేరతాం, ముప్పావుగంట ఉంటుంది, చాలు అన్నాను. ఇరవైసార్లు వెళ్లిన దారికి మ్యాప్ ఎందుకని ఫోన్ స్వాతి బ్యాగులో పడేశాను. నా కారులో గడియారం చేత్తో మార్చేది.

ఈ దారిలో వెళ్లేవాళ్లకి చెప్పదగ్గవి కొన్ని ఉన్నాయి. చిన్న కారుకి ఒకవైపు అరవై, అరవై అయిదు డాలర్ల గ్యాస్, అదే పెట్రోలు, పడుతుంది. రెజైనాలోనే ట్యాంక్ నింపుకోండి. ఎండ పడుతున్నా గాలి తోలితే పొలాల్లోని పొడిమంచు రోడ్డు మీద పాకుతూ వస్తుంది, గీతలు కనబడవు, తొంభై దాటకపోవడమే మంచిది. మూసోమిన్ దాటాక మానిటోబా బోర్డు వస్తుంది. స్వాగతం అని పెద్దక్షరాలతో ఉంటుంది. స్వాతి నిద్రపోతోంది. నేను అంకుల్‌కి ఇష్టమైన జంతికల సంచి వెనకసీట్లో కదలకుండా ఉందా లేదా అని అద్దంలో చూసుకుంటున్నాను. పోయినాయనకి జంతికలేమిటని అడగకండి, ఉత్తిచేతులతో ఆ ఇంటికి ఎప్పుడూ వెళ్లలేదు.

బ్రాండన్‌లో గ్యాస్ కోసం ఆగాం. నా లెక్కలో పన్నెండూ నలభై అయిదు. కౌంటర్ వెనక తెల్లజుట్టు ఆవిడ కాఫీ పోస్తుంటే ఆవిడ తల మీద గడియారం ఒకటీ నలభై అయిదు చూపిస్తోంది.

"మీ గడియారం గంట ముందుంది" అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

ఆవిడ కిటికీలోంచి నా నంబర్‌ప్లేటు చూసి నవ్వింది. "సస్కాచెవాన్ నుంచా? నిన్నే మార్చాం నాయనా. ప్రతి మార్చిలో మీవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాటంటారు. నేనూ పొద్దున్న పనికి లేటే."

కాఫీ కౌంటర్ మీదే వదిలేశాను. ఇంకా రెండు గంటల ఇరవై నిమిషాల దారి ఉంది. చేతిలో ఉన్నది రెండుంపావు. స్వాతి లేచి అంకుల్ భార్య రాజ్యం ఆంటీకి ఫోన్ చేసింది, ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. పోర్టేజ్ దగ్గర పొడిమంచు లేచి అరగంటపాటు ముందు లారీ వెనక లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. స్వాతి నన్ను "రెండో కప్పు టీ ఎందుకు తాగావ్" అని అడిగి ఉంటే బాగుండేది. నన్ను నేనే తిట్టుకుంటూ, ఈ గడియారాలు కనిపెట్టినవాణ్ణి తిట్టుకుంటూ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

ఫ్యూనరల్ హోమ్ పార్కింగ్‌లో కారాపేసరికి నాలుగుంపావు. కోట్లు వేసుకుని జనం బయటికి వస్తున్నారు. తలుపు దగ్గర నల్లసూటు వేసుకున్న ఉద్యోగి సారీ చెప్పి, ఇక లోపలికి పంపే వీల్లేదన్నాడు. అతని తప్పేమీ లేదు. రాజ్యం ఆంటీ నన్ను చూసి దగ్గరికొచ్చి నా చేయి పట్టుకున్నారు.

"స్వాతి మెసేజ్ చూశాను నాన్నా. అయిదు నిమిషాలు ఆగండి, మా పిల్లాడొకడు దారిలో ఉన్నాడని అడిగాను. వాళ్లు పది నిమిషాలు ఆగారు."

ఆ పైన దాటిపోయిన అయిదు నిమిషాలు నావి. అక్కడే, ఆ మంచులో, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

సాయంత్రం వాళ్లింట్లో కర్మ చేయించిన శాస్త్రి గారు పలకరించారు. బ్యాంకులో ఉద్యోగం, సెలవుల్లో పౌరోహిత్యం. ఎందుకు లేటయిందని అడిగితే దాచకుండా చెప్పాను. ఆయన మామూలుగా అడిగారు: "ఇవాళ మీ ఊళ్లో సూర్యోదయం ఎన్నింటికి?"

"ఏడుంపావు దాటాక."

"ఏడున్నర నుంచి తొమ్మిది అన్నది ఆరింటికి పొద్దుపొడిచే చోట లెక్క బాబూ. మీకు ఇవాళ రాహుకాలం సుమారు తొమ్మిదికి పావుగంట ముందు మొదలై పదింపావు దాకా ఉంటుంది. మీరు సరిగ్గా అందులోనే బయల్దేరారు."

ఆయన మంచివారు, ఎత్తిపొడవాలని అనలేదు. స్వాతి నా వైపు చూసి, తల దించుకుంది.

నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లాను. గోడ గడియారం అయిదున్నర చూపిస్తోంది. అప్పటికి అసలు టైమ్ ఆరున్నర. ఆంటీ వెనకే వచ్చారు. "అది ఆయనే మార్చేవారుగా. నాకు అందదు. నువ్వు మార్చి పో నాన్నా." స్టూల్ వేసుకున్నాను. ఈసారి కింద పట్టుకుంది స్వాతి. ఆ గడియారం ప్రకారం మేం మూడుంపావుకే చేరాం. పెద్దముల్లు ఒక్క చుట్టు తిప్పాను. ఆయన్ని చూసుకోవలసిన గంట నా వేలి కింద రెండు సెకన్లలో అయిపోయింది.

ఈ మార్పిడికి ఇంకా అర్థం ఉందా అంటే, నాకు కనబడదు. సాయంత్రం వెలుగు మిగులుతుందంటారు, పొద్దున్న అదే వెలుగు పోతుంది. ఆ సోమవారం పనులకి లేటయ్యేవాళ్లు, నిద్ర చాలని నర్సులు, నాలాంటి తెలివితక్కువవాళ్లు దాని మూల్యం కడతారు. ఆపేయండి, ఏ టైమైనా సరే ఒకచోట ఉంచండి. అయితే అంతా గడియారం మీదికి నెట్టేస్తే అది అబద్ధమే అవుతుంది. ముల్లు తిప్పినవాళ్లు నా దగ్గర గంటే తీసుకున్నారు. గంటన్నర నేనే, నా చేతులతో, తప్పుడు లెక్కకి ధారపోశాను. వాళ్లని తిట్టినంత సులువుగా నన్ను నేను తిట్టుకోలేకపోతున్నాను.

మీరు మార్చిలోనో నవంబర్‌లోనో ఈ దారిలో వెళుతుంటే ఒక్క పని చేయండి. కారెక్కే ముందు, చేరాల్సిన ఊళ్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి "ఇప్పుడు మీకు టైమెంత?" అని అడగండి. నేనెప్పుడూ అడగలేదు. నాకు ఆ అవసరం లేకుండా, ఫోన్‌లో ఏ టైమ్ చెప్పినా "మీ టైమా, మా టైమా?" అని అడిగే మనిషి ఒకరుండేవారు.