గండాల మేడమ్

మా మేనత్తకి ఉన్న విచిత్రమైన అలవాటు ఒక్కటే. బడిలో ఎవరికి ఏ ప్రమాదం జరిగినా అది తనకే జరిగిందని చెప్పుకోవడం. ఆవిడ చిన్నపిల్లల బడికి ప్రధానోపాధ్యాయురాలు. అదే బడిలో నేను లెక్కలు చెబుతాను కాబట్టి ఆవిడ గండాలన్నీ ముందు నా చెవినే పడేవి.

మెట్ల మీద నీళ్ళు నిలిస్తే, అక్కడ జారి కూలబడింది తనేనట. బాత్రూము గడియ బిగుసుకుపోతే, లోపల చిక్కుకుని తలుపు బాదింది తనేనట. జారుడుబల్ల రేకు లేచి బట్ట చిరిగిందంటే, అదీ తన చీరేనట.

"ఈ వయసులో జారుడుబల్ల ఎందుకెక్కావత్తయ్యా?" అని అడిగాను.

"ఎలా ఉంటుందో చూద్దామని" అనేసి కళ్ళజోడు తుడుచుకుంది.

టీచర్లంతా కలిసి ఆవిడకి గండాల మేడమ్ అని పేరు పెట్టారు. అది తెలిసినా ఆవిడకి కోపం రాలేదు. నాకు మాత్రం ఒకటే సందేహం. పడ్డ మనిషి ఒక్కరోజైనా కుంటాలి కదా! ఈవిడ కుంటడం నేను ఏనాడూ చూడలేదు.

అలా ఉండగా, బడుల భద్రత కోసం ప్రభుత్వం గ్రాంటు ఇస్తోందని కబురొచ్చింది. ఎక్కడేం బాగుచేయాలో చూసి మంజూరు చేయడానికి ఒక అధికారి వచ్చారు. ఏది చెప్పినా చేత్తో తట్టి చూస్తేగానీ నమ్మని మనిషి. అత్తయ్య ఆయనకి మెట్లు చూపించి తను పడ్డ సంగతి, గడియ చూపించి తను చిక్కుకున్న సంగతి చెప్పింది. ఆయన పాపం తలూపుతూ వెంట నడిచారు. చిక్కంతా గేటు దగ్గరే వచ్చింది.

ఆ ఊచల మధ్య తన తల ఇరుక్కుందనీ, నూనె రాస్తేగానీ ఊడి రాలేదనీ చెప్పింది.

అధికారి ఊచల వంక చూశారు. అత్తయ్య వంక చూశారు. మా అత్తయ్యది నిండైన విగ్రహం, దానికి తగ్గ కొప్పు. ఆయన అనుమానం తీరక తన తలే పెట్టి చూశారు. చెవుల దాకా కూడా వెళ్ళలేదు.

"మేడమ్, నా తలే పట్టట్లేదు. ఇది అబద్ధమైతే మిగతావి ఎలా నమ్మను? మంజూరు చేయలేను. నిజంగా ఎవరికి జరిగిందో చెప్పండి."

అత్తయ్య మొహం పాలిపోయింది. గ్రాంటంతా ఒక్క మాట మీద ఆగిపోయింది. అయినా, "నాకే సార్" అంది, ఈసారి కాస్త మెల్లగా.

ఆటల గంట కావడంతో పిల్లలు అక్కడక్కడే తిరుగుతున్నారు. అందులోంచి మూడో తరగతి పిల్ల ఒకతె వచ్చి ఆయన ఎదుట నిలబడింది. చెవుల వెనక మానుతున్న గీతలున్నాయి.

"సార్, టీచర్ని ఏమీ అనకండి. ఇరుక్కుంది నా తల. అందరూ నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నాను."

అప్పుడు వెలిగింది నాకు. మెట్ల మీద పడిందెవరో, గడియ వెనక ఏడ్చిందెవరో బడిలో ఈనాటికీ ఎవరికీ తెలియదు. నవ్వేవాళ్ళంతా మేడమ్‌ని చూసే నవ్వారు తప్ప, ఏ పిల్ల వైపూ వేలు చూపించలేదు.

అత్తయ్య గబగబా అడ్డొచ్చింది.

"దాని మాట పట్టించుకోకండి సార్. ఆ రోజు అది నన్ను విడిపించడానికి వచ్చింది, అంతే."

పిల్ల ఆవిడ వంక చూసి కాసేపు ఆలోచించింది.

"అవును సార్" అంది. "టీచర్ బాగా ఏడ్చారు కూడా."

అధికారి పక్కకి తిరిగి దగ్గారు. దగ్గు కాదది, నవ్వు. మెట్లకి, గడియలకి, జారుడుబల్లకి, గేటుకి అన్నిటికీ అక్కడికక్కడే మంజూరు చేశారు.

వెళ్ళేముందు, "కొత్త గేటు వచ్చేదాకా తల కాస్త జాగ్రత్త మేడమ్" అన్నారు.

"అలాగే సార్" అంది అత్తయ్య, చెవులు తడుముకుంటూ.