కల్కండు చతికిలబడింది

రాజపాళయంలో ఒక స్పిన్నింగ్ మిల్లుకు గురుసామి గేటు కాపలాదారు. అతని జోడీ కల్కండు. పటికబెల్లంలా తెల్లగా ఉందని ఆ ఆడకుక్కకు తమిళంలో అతనే పెట్టుకున్న పేరు అది. ఎవరో చాటుగా కాల్చిన బీడీకి దూది బేళ్ళు అంటుకున్నాక, మేనేజరు శరణ్య ఇద్దర్నీ కలిపి శిక్షణకు పంపింది. బీడీ, అగ్గిపెట్టె వాసన తగిలితే కల్కండు మొరగదు, కరవదు. ఆ మనిషి ముందు చతికిలబడుతుంది, అంతే. వెంటనే గురుసామి ముద్దుచేసి బిస్కెట్ పెట్టాలి. ఆ మెప్పు కోసమే అది పనిచేస్తుంది.

అంత మీసాల మనిషి కీచుగొంతుతో "నా బంగారు తల్లీ" అని గారాలు పోతుంటే మొదట్లో గేటంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్విన మిల్లు కార్మికుడు పొన్‌రాజ్ క్యారియర్‌లో సాంబారన్నం అడుగున బీడీలు దాచి తెచ్చి, రెండోనాడే దొరికిపోయాడు. దాంతో గురుసామి నడకే మారిపోయింది.

ఇంట్లో మాత్రం అతను బీడీ మానేశానని భార్య వెళ్ళయమ్మాళ్ మీద ఒట్టేసి, మేడెక్కి కాల్చుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని దిగేవాడు. ఒకనాడు పొద్దున హడావుడిలో యూనిఫామ్‌తోనే మేడెక్కాడు.

షిఫ్టు మారే వేళ. శరణ్య కూడా గేటు దగ్గరే ఉంది. కల్కండు కార్మికుల వరుసనంతా వదిలేసి గిర్రున తిరిగొచ్చి గురుసామి ముందు కూర్చుంది.

"దీనికి జలుబు మేడమ్," అన్నాడతను.

"జేబు ఒకసారి చూడండి అణ్ణా," అంది శరణ్య.

ఒక్క కసురు కసిరితే అది లేచి పక్కకు పోతుంది. కానీ తాను చేసింది తప్పనుకుంటుంది. రేపు ఎవడి ముందైనా కూర్చోవడానికి జంకుతుంది. కల్కండేమో తోకతో నేలను ఊడుస్తూ, మెప్పెప్పుడా అని అతని కళ్ళలోకే చూస్తోంది. గురుసామికి మనసొప్పలేదు. బీడీ కట్ట, అగ్గిపెట్టె తీసి అందరికీ కనబడేలా పైకెత్తి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"శభాష్ నా బంగారు తల్లీ! నన్నే పట్టేస్తివి గదే!" అన్నాడు, అదే కీచుగొంతుతో.

షిఫ్టంతా ఈలలు వేసింది. "ఇంకొక బిస్కెట్ పెట్టు అణ్ణా, పెద్ద వేట కొట్టినది!" అని అరిచాడు పొన్‌రాజ్.

"రూలు అందరికీ ఒకటే. ఈ దినం ఇంటికి పోండి. కల్కండు ఉండనీ, దాని తప్పేమి?" అంది శరణ్య.

కల్కండు ఉంటేగా! అతను నాలుగడుగులు వేయగానే గొలుసు తెంపుకునేంత పని చేసింది. ఇద్దర్నీ పంపేసి, ఆ పూట మేనేజరమ్మే క్యారియర్ల మూతలు తీయించి, సాంబార్లు తొంగి చూసుకుంది.

సంగతి విన్న వెళ్ళయమ్మాళ్ నేరుగా వంటింట్లోకి నడిచింది. గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, కల్కండు ముందు పెట్టింది.

"నేను ఎంత ఏడ్చినా వినలేదు ఈ మనిషి. నువ్వు ఊరికే కూర్చుని సాధించినావు తల్లీ."

గురుసామి తలుపు దగ్గరే నిలబడి గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఒక గుడ్డు పెట్టరాదా?"

"నువ్వేం పట్టినావని?" అంది వెళ్ళయమ్మాళ్.