జీడి నూనె తాగిన బ్రేకులు

2004 వేసవి. పలాస కాశీబుగ్గలో హైవే పక్కన నేను మెకానిక్ షెడ్డు పెట్టి అప్పటికి చాలా ఏళ్లయింది. లారీలు, ట్రాక్టర్లు, కొబ్బరి లోడు మోసే వ్యాన్లు, ఏది వచ్చినా కాదనేవాణ్ని కాదు. తర్వాత కంప్యూటరు తగిలించి బండి రోగం చూసే కుర్రాళ్లు వచ్చారు గానీ, నాకు ఇప్పటికీ ఇంజన్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటేనే నమ్మకం. నా పనితనం గురించి తక్కువ చేసి చెప్పుకునే అలవాటు నాకు లేదు. ఇది చదివేవాళ్లకు ముందే చెప్పడం మంచిది.

ఆ ఏడాది వేట నిషేధం అప్పుడే మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని కొన్ని వారాలు సముద్రంలో వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో ఒక ఉదయం నలుగురు ఆడవాళ్లు షెడ్డుకు వచ్చారు. ముందున్నావిడ ఎర్రమ్మ. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు ఆమెది, మత్స్యకారుల ఊరు. మా వీధుల్లో చేపలు అమ్మేది కాబట్టి ఎరుగుదును. బేరమాడితే నవ్వుతూనే తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయే మనిషి.

"మేస్త్రిగోరూ, మాం నలుగురం కలిసి ఒక లారీ కొన్నాం. అది నడవదు. మీరు నడిపించాల," అంది.

"నడవని లారీ ఎందుకు కొన్నారప్పా?"

"నడిసేది కొనే తాహతు నేక."

సుత్తి, స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకున్నాను. వాళ్లతోపాటు కంచిలి వెళ్లాను. ఊరి బయట ఒక జీడితోటలో ఉంది ఆ బండి. ముందు పొడవాటి ముక్కు ఉండే పాతకాలపు పెట్రోలు లారీ, వయసులో నాకంటే పెద్దది. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి. బోనెట్ ఎత్తితే ఇంజన్ మీద ఉడత గూడు. తలుపు మీద రంగు గీకితే కింద ఒరియా అక్షరాల్లో ఎవరిదో పేరు బయటపడింది. సరిహద్దు అవతల కలప మోసిన బండి అయ్యుంటుంది.

నేను అవేవీ పట్టించుకోలేదు. కింద దూరి చాసిస్ చూశాను. చాసిస్ అంటే బండికి వెన్నెముక, ఇంజన్నీ బాడీనీ మోసే రెండు పొడవాటి ఇనుప దూలాలు. అది పుచ్చిపోతే పైన ఎంత సింగారించినా దండగే. సుత్తితో ఈ చివర నుంచి ఆ చివరదాకా కొట్టుకుంటూ వెళ్లాను. ఎక్కడా బోలుగా పలకలేదు, ఖంగుమంది.

"బతుకుతాదా?" అని అడిగింది ఎర్రమ్మ.

"బతుకుతుంది గానీ, ఇంత కష్టం మీకెందుకు? తట్ట పట్టుకుని బస్సెక్కితే పోయేదానికి?"

ఆమె మొహం మారిపోయింది. "బస్సెక్కితే కంపని దిగమంటన్నారు మేస్త్రిగోరూ. మొన్న సోంపేట కాడ మిట్టమద్దినం ఎండలో నడిరోడ్డు మీద దించేసినారు. తట్టలో సేప కుళ్లిపోనాది. సేప పోతే మల్లీ ఒత్తాది. అందరూ సూత్తుండగా మనిసిని దించేత్తే ఎలగ? మా బండి మాకుంటే దిగమనేవోడు ఉండడు కదేటి. నిసేదం అయిపోయి మొదటి సేప ఒడ్డుకొచ్చిన్నాడు ఇది రోడ్డెక్కాల."

ఆ మాట విన్నాక నాకు పట్టుదల వచ్చింది, ట్రాక్టరు కట్టి బండిని నా షెడ్డుకు లాగించాను. పక్క షెడ్డు మేస్త్రీ మాత్రం, "ముసలెద్దుకి ముక్కుతాడు మారిత్తే దుక్కి దున్నుతాదేటి బావా, ఇనుపసామాను కొట్టుకి తోలీ," అని ఎగతాళి చేశాడు. నా చేతి కింద పడ్డ బండి ఇనుపసామాను కొట్టుకు పోవడమన్నది ఆనాటికి జరగలేదు.

ప్రదర్శనకు పెట్టే బండి వేరు, రోజూ లోడుతో తిరిగే బండి వేరు. మొదటిదానికి మెరుపు చాలు. రెండోదానికి మూడు కావాలి: పిలిస్తే పలికే ఇంజన్, తొక్కితే ఆగే బ్రేకు, తిప్పితే తిరిగే స్టీరింగు. పాత పెట్రోలు ఇంజన్ తాగే తాగుడుకు నలుగురి కష్టం చాలదు. అందుకని గుద్దుకుని పడున్న ఒక చిన్న లారీ నుంచి డీజిల్ ఇంజన్, గేర్‌బాక్స్ తెచ్చి కూర్చోబెట్టాను. దానికి తగ్గట్టు ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే కడ్డీ, కోసి పొట్టి చేయించాను. హ్యాండిల్ పెట్టి తిప్పే బాధ లేకుండా కొత్త వైరింగు వేసి సెల్ఫ్ మోటారు బిగించాను. పాత బ్రేకుకు కాలి బలమే ఆధారం, అందుకని వాక్యూమ్ బూస్టర్ పెట్టాను. గాలి పీల్చుకుని కాలికి సాయం చేసే డబ్బా అది. డీజిల్ ఇంజన్‌లో ఆ పీల్పు దానంతటదే రాదు. ఆల్టర్నేటర్ వెనక చిన్న పంపు ఉన్నది వెతికి తెచ్చాను. మా వైపు అప్పట్లో ఇంత ఆలోచించి చేసేవాళ్లు వేళ్ల మీద లెక్క.

వెనక చెక్క బాడీ మాత్రం నాది కాదు. ఎర్రమ్మ మామ సోమయ్య డొంకూరులో పడవలు కట్టే ముసలాయన. మాట తక్కువ. షెడ్డుకు వచ్చి, పలక మీద పలక ఎక్కించి, ఐసునీళ్లన్నీ ఒక మూలకు చేరి గొట్టంలోంచి రోడ్డు మీద పడేలా నేలకు వాలు పెట్టి కట్టాడు. ఆ పని చూసి నేనే మెచ్చుకున్నాను. ఇంకొకరి పనిని మెచ్చుకోవడం నాకంత తేలిక కాదు.

బండి తయారయింది. ఇక మిగిలింది ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. దాన్ని ఇచ్చే ఆఫీసరును మా వైపు అందరూ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. ఆయన టెక్కలి వచ్చే రోజు తెలుసుకున్నాం. ఆ రోజు తప్పితే ఆయన మళ్లీ వచ్చేసరికి వేట మొదలైపోతుంది, మొదటి చేప మళ్లీ బస్సు కోసం ఎదురుచూడాలి. ఈలోగా బండిని గంగమ్మ తల్లికి చూపించుకుంటామని ఎర్రమ్మ వాళ్లు డొంకూరు తీసుకెళ్లారు. ఎఫ్‌సీ రోజు పొద్దున్నే నేను బస్సులో డొంకూరు చేరి, బండి నడుపుకుంటూ టెక్కలి బయలుదేరాను. ఎర్రమ్మ పక్కన, సోమయ్య వెనక.

బండికి పసుపు నీళ్లు చల్లి, వేపమండలు కట్టి ముచ్చటగా తయారు చేశారు. ఇంజన్ శబ్దం వింటుంటే నాకే ముద్దొచ్చింది. ఇచ్ఛాపురం దాటేవరకు బ్రేకు బాగానే పట్టింది. కంచిలి దగ్గరకొచ్చేసరికి ఏదో ఘాటు వాసన మొదలైంది. జీడిపిక్కలు కాల్చే బట్టీల దగ్గర వచ్చే వాసన. పలాసలో పుట్టినవాళ్లం, మాకది గాలితో సమానం. కానీ మేము ఇంకా పలాస చేరలేదు. అంతలో ముందు గొర్రెల మంద అడ్డొచ్చింది. బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు. గేర్లు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, రోడ్డు పక్క ఇసుకలోకి దించితే మందకు జానెడు దూరంలో ఆగింది. 

చక్రం విప్పి డ్రమ్ము లాగాను. బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె డ్రమ్ము. దాని లోపల విల్లు ఆకారంలో రెండు షూలు, వాటి మీద లైనింగు అనే గరుకు పట్టీ. పెడల్ తొక్కితే ఆ పట్టీ గిన్నెను ఒరుసుకుని చక్రాన్ని ఆపుతుంది. ఒరుసుకోవాలంటే పొడిగా ఉండాలి. నేను కొత్తగా వేసిన లైనింగు నల్లటి నూనెలో నానిపోయి ఉంది. నాలుగు చక్రాలదీ అదే కథ.

"ఎవరు పోశారిది?" అని గట్టిగానే అరిచాను.

సోమయ్య బండి దిగి నా పక్కన నిలబడ్డాడు. "నానే బాబూ. కొత్త పడవని నీట్లోకి దించేముందు జీడి నూనె పట్టిత్తాం. ఉప్పు తినీకుండా. ఇదీ మా పడవే గదా అని, కాసి పలసన సేసి, ఇనుము కనిపించిన కాడల్లా పోసినాను. సందుల్లోకి దిగాలని సెంబుతో పోసినాను."

జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె అది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది, చెక్కకు పడితే ఏళ్ల తరబడి కాపాడుతుంది. పలచగా కాచినది కావడంతో డ్రమ్ము వెనక పలకలో ఉండే కన్నాల్లోంచి లోపలికి దిగింది. బ్రేకులు వేడెక్కినకొద్దీ కరిగి లైనింగంతా పాకింది. ఇన్నేళ్లలో బ్రేకుల్లో నీళ్లు చూశాను, బురద చూశాను, ఒకసారి కందిరీగల గూడు చూశాను. జీడి నూనె చూడ్డం అదే మొదలు. కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ ముసలాయన చేతుల మీద బొబ్బలు చూశాక తిట్టడానికి నోరు రాలేదు.

నూనె తాగిన లైనింగును ఎంత కడిగినా పనికిరాదు. కొత్తది రివెట్ కొట్టించాల్సిందే, ఆ షాపు కాశీబుగ్గలో ఉంది. నేను వెళ్తే డ్రమ్ములు కడిగేవాళ్లు లేరు.

"నానెల్తాను. కాసీబుగ్గలో నాకు తెలీని సందు నేదు," అంది ఎర్రమ్మ. షూలన్నీ చేపల తట్టలో పేర్చి, గుడ్డ కప్పి, నెత్తినెత్తుకుని బస్సెక్కింది. నేనూ సోమయ్యా కిరసనాయిలుతో డ్రమ్ములు కడిగి, సబ్బు నీళ్లతో తోమి, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాం. నా చేతులూ బొబ్బలెక్కాయి.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆమె తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"తట్ట సూసి కండట్రు, 'సేపలేటి, దిగు దిగు' అన్నాడు. గుడ్డ తీసి సూపించినాను. 'ఇయి సేపలు కావు బాబూ, బ్రేకులు. కావలిత్తే వాసన సూడు' అన్నాను. బస్సులో వోళ్లందరూ నవ్వినారు. దిగనేదు నాను."

బిగించి బయలుదేరాం. కొత్త లైనింగు వెంటనే పూర్తిగా పట్టదు, డ్రమ్ముకు ఒరుసుకుని కుదురుకోవాలి. అందుకని దారంతా మెల్లగా తొక్కుతూ విడుస్తూ టెక్కలి చేర్చాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు ఎక్కబోతున్నాడు. ఎర్రమ్మ వెళ్లి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది. ఏమందో నాకు వినబడలేదు గానీ ఆయన జీపు ఎక్కకుండా వెనక్కి వచ్చాడు.

ఇంజన్ మార్పు కాగితాలు చూశాడు. బండిని వేగంగా తోలించి, ఆయన చెయ్యి ఊపినచోట బ్రేకు తొక్కమన్నాడు. తొక్కాను. అటూ ఇటూ లాగకుండా, గీసిన గీతలా నిలబడింది. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారీ అలాగే ఆగింది. తర్వాత వంగి కింద చూశాడు. జీడి నూనె పట్టిన చాసిస్ నల్లగా, నున్నగా మెరుస్తోంది.

"అండర్ కోటింగ్ బాగుంది. వైజాగ్‌లో చేయించారా?" అని అడిగాడు.

"డొంకూరులో సార్. సోమయ్యగారు చేశారు," అన్నాను. వెనక నిలబడ్డ ముసలాయన భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.

నిషేధం ముగిసి మొదటి చేప ఒడ్డుకు వచ్చినరోజు నేనూ ఆ లారీలో ఉన్నాను. నేను చేసిన పెద్ద బండి ఏదైనా మొదటి ట్రిప్పు దాని వెంట వెళ్లడం నా ఆనవాయితీ. ఎర్రమ్మ తమ్ముడు నడుపుతున్నాడు, వెనక తట్టలూ ఆడవాళ్లూ ఐసూ. సోంపేట దాటక ముందు రోడ్డు పక్క ఒక ప్రైవేటు బస్సు ఆగిపోయి ఉంది. బోనెట్ నుంచి పొగ. ప్రయాణికులు ఎండలో నిలబడ్డారు, కండక్టరు మా లారీకి చెయ్యి ఎత్తాడు.

"ఏటి సెయ్యమంటావప్పా?" అని తమ్ముడు అడిగాడు.

నా పక్కన కూర్చున్న ఎర్రమ్మ క్యాబిన్ వెనక కిటికీ తీసింది. "ఆపు. తట్టలు ఒక పక్కకి జరపండే, ఎక్కుతారు," అంది.

అందరూ ఎక్కారు. కండక్టరు రెండు తట్టల మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు. ఎర్రమ్మ ఆ కిటికీలోంచి తల తిప్పి, "కంపుంటే సెప్పు బాబూ, మెల్లగా పోనిత్తాం. దిగమని మాత్రం అనం," అంది.

ఆ లారీ చాలా ఏళ్లు రోజూ తిరిగింది. ఉప్పునీళ్లు కారే బండి అయినా చాసిస్‌కు తుప్పు పట్టలేదు. ఏటా నిషేధం రోజుల్లో షెడ్డుకు వచ్చేది. నేను బ్రేకులకూ రబ్బరు పైపులకూ గోనెపట్టాలు చుట్టి కట్టేవాణ్ని, సోమయ్య జీడి నూనె పట్టించేవాడు. సముద్రం పక్కనుండే ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చే మిగతా బళ్లకూ ఆ పని మొదలుపెట్టాను, ఆ పేరు నాకు వచ్చింది గానీ సగం ఆయనదే. బండి అప్పగించేముందు ఇంటివాళ్లను కూర్చోబెట్టి, ఎక్కడ ముద్దు చేయాలో ఎక్కడ చేయి పెట్టకూడదో చెప్పడం కూడా అప్పటినుంచే అలవాటయింది.

నడవని బళ్లను నడిపించడమే నా పని అని అంతవరకు అనుకునేవాణ్ని. ఆ రోజు సోంపేట రోడ్డు మీద, ఎవరినీ దించని బండిని ఒకదాన్ని తయారు చేశానని తెలిసింది. దానికంటే మంచి బండి నా షెడ్డు నుంచి మళ్లీ బయటికి రాలేదు.